పూర్తిగా కూర్చోండి మాస్టారూ

ఆదివారం పొద్దున్నే నందిగామలో మా ఇంటి వరండాలో సైకిలుకి గాలి చూసుకుంటూ ఉంటాను. వెనక షాక్ అబ్జార్బర్ నుంచి పంపు మర విప్పగానే ఉస్సుమని చిన్న చప్పుడు, దాంతోపాటు సన్నగా నూనె వాసన వస్తాయి. మొదటిసారి ఆ చప్పుడు విని, కొట్టిన గాలంతా పోయిందని కంగారుపడ్డాను. "అది షాక్‌లోది కాదు మాస్టారూ, పంపు గొట్టంలో మిగిలింది. మీరు కొట్టిన గాలి ఎక్కడికీ పోలేదు" అన్నారు దయామణి గారు. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వినగానే ముందు ఆవిడ గొంతే వినిపిస్తుంది. నాకు తెలియకుండానే నవ్వు వస్తుంది.

జగ్గయ్యపేట దగ్గర నేను లెక్కలు చెప్పిన హైస్కూలుకి ఆవిడ హెడ్మిస్ట్రెస్. ఇస్త్రీ నలగని నేత చీర, సన్న గొలుసుకి చిన్న సిలువ. ప్రేయరు గంటకి ముందే గేటు దగ్గర నిలబడి ఉండేవారు. అదే మనిషి ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, ఎండ వాలాక పంజాబీ డ్రెస్సు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, మౌంటెన్ బైకనే లావు టైర్ల సైకిలు మీద సున్నపురాయి తవ్వి వదిలేసిన గుట్టల్లోకి పోయేవారు. మొదట్లో ఊళ్లోవాళ్లు నోరు వెళ్లబెట్టి చూశారట. నేను చేరేసరికి అందరికీ అలవాటైపోయింది.

నాకు ఈ పిచ్చి అంటించింది ఆవిడే. ఆవిడ బండి ఒకసారి తొక్కి చూసి ఆగలేక, హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేస్తున్న బైకు తెచ్చుకున్నాను. మోటారు సైకిలుకైతే వెనక ఇనుప స్ప్రింగు ఉంటుంది. దీనికి ఆ స్ప్రింగు ఉండదు, షాక్ గొట్టంలో బిగించిన గాలే స్ప్రింగు పని చేస్తుంది. నా బండికి ఆ గొట్టం కాలం తీరిపోయి గాలి నిలవడం లేదు. గుట్ట దిగుతుంటే ప్రతి రాయీ వచ్చి నడుముకే తగిలేది. అసలే పాత నడుంనొప్పి. విజయవాడలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఇలాగే కుదుపులు తగిలితే సైకిలు మానెయ్యాల్సిందే అన్నారు. మా ఆవిడ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. నలభై దాటాక దొరికిన సంతోషం అది. వదులుకోవాలంటే నిజంగానే ఏడుపొచ్చింది. అమ్మేస్తానని దయామణి గారితో చెప్పాను.

"అమ్ముదురు గాని, తొందరేముందండీ" అన్నారావిడ. "ముందు షాక్ మార్చి చూడండి. అప్పుడూ నొప్పొస్తే కొనేవాళ్లని నేనే వెతికిపెడతా."

పెద్ద షాక్ అయితే ఇంకా మెత్తగా ఉంటుంది కదా అని నా ఆశ. "మీ ఫ్రేముకి ఏ కొలత ఉందో అదే కొనాలి. అంతకంటే ఎక్కువ దిగేది పెడితే వెనక టైరొచ్చి సీటు గొట్టాన్ని కొడుతుంది" అని ఆవిడ ఆ ఆశ తుంచేశారు. పాతదాని కొలతల్లోనే మంచిది తెప్పించాం. వచ్చిన రోజే బిగించేసి గాలి దట్టంగా కొట్టేశాను. మా నాన్న సైకిలు మీద మిరపకాయ బస్తా వేసే ముందు టైరుని బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలు దిగిందంటే మళ్లీ పంపు అందుకునేవాడు. మా వైపు గాలంటే రాయిలా ఉండాల్సిందే. దయామణి గారు సీటు మీద అరచెయ్యి పెట్టి ఒక్క నొక్కు నొక్కి, "ఇది బస్తాలు మోసే సైకిలు కాదండీ బాబూ" అన్నారు.

ఆ ఆదివారం స్కూలు వరండాలో పని మొదలైంది. నీళ్ల సీసా, పానాలు ఉన్న సంచీ వీపున తగిలించుకుని, హెల్మెటూ బూట్లతో సహా రమ్మన్నారు. దారిలో ఎంత బరువుంటుందో అంతా బండి మీద ఉండాలట. షాక్ కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. దాన్ని మొదటికి జరిపి, మనం కూర్చుని దిగితే, బండి ఎంతవరకు కుంగిందో రింగు అక్కడ ఆగిపోతుంది. "కూర్చోగానే నాలుగో వంతుకి కాస్త పైనే కుంగాలి. అలా కుంగి ఉంటేనే గుంటొచ్చినప్పుడు చక్రం దిగి నేలని అందుకుంటది" అంటూ ఆవిడ వంగి, జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచారు. నేను స్తంభం పట్టుకుని కూర్చున్నాను. రింగు పెద్దగా కదల్లేదు. గాలి కాస్త తీశారు. మళ్లీ కూర్చున్నాను, ఇంకాస్త తీశారు. చివరికి కొలత కుదిరింది.

గుట్ట మీద మొదటి దిగుడులోనే షాక్ అట్టడుగుకి దిగిపోయి ఠంగుమంది. నడుము కలుక్కుమంది. బండి నడిపించుకుంటూ కిందికొచ్చాను. అక్కడ నిలబడి ఉన్న ఆవిడతో, "ఇక చాలండి మేడం. కొనేవాళ్లని చూడండి" అన్నాను.

ఆవిడ రింగు వైపు చూశారు, తర్వాత నన్ను ఎగాదిగా చూశారు. "మాస్టారూ, నా రూములో మీరు కుర్చీలో ఎలా కూర్చుంటారో ఎప్పుడన్నా చూసుకున్నారా?"

నేను బండిని పక్కనున్న రాయికి ఆనించాను.

"అంచు మీద కూర్చుంటారు. సగం బరువు కాళ్ల మీదే. ఇందాక బండి మీదా అంతే. నేను వంగి కొలుస్తున్నానని ఓ కాలు నేల మీదే ఉంచారు."

నిజమే. పెద్దావిడ నా కాలి దగ్గర వంగి ఉంటే నేను దర్జాగా ఎలా కూర్చుంటాను? పెద్దల ముందు కుర్చీ నిండా కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆ సగం మనిషికి సరిపోయేలా గాలి తీయించుకుని, దిగుడులోకి మాత్రం మొత్తం మనిషిని వెళ్లాను.

మళ్లీ స్కూలుకి వచ్చాం. రింగు మొదటికి జరిపి ఆవిడ లేచారు. "నేను లోపలికెళ్తున్నా. ఎవరూ చూడట్లేదనుకుని పూర్తిగా కూర్చోండి మాస్టారూ. ఎంత కుంగిందో రింగు చూస్తే తెలుస్తుంది" అని రూములోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసేశారు. లోపల బీరువా తీస్తున్న చప్పుడు. నేను స్తంభానికి భుజం ఆనించి, రెండు కాళ్లూ పెడళ్ల మీద పెట్టి, హాయిగా చతికిలబడ్డాను. దిగి చూస్తే రింగు చివరిదాకా జారిపోయింది. ఆవిడ వచ్చి చూసి ఫక్కున నవ్వి, "ఇదండీ మా లెక్కల మాస్టారి అసలు బరువు" అన్నారు.

గాలి పెంచాం. ఆ తర్వాత, కుంగిన షాక్ ఎంత వేగంగా పైకి లేవాలో తేల్చే చిన్న మర ఉంటే దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వరండా మెట్టు మీంచి దిగి చూశాను. సీటు వెనక నుంచి తన్నకుండా, ఒక్కసారి లేచి కుదురుగా నిలిచేదాకా అదే పని. "రెండూ ఒకేసారి ముట్టుకోవద్దు. దేనివల్ల బాగైందో తెలీకుండా పోతది" అన్నారు. మరుసటి ఆదివారం అదే దిగుడు దిగి, నమ్మకం కుదరక మళ్లీ ఎక్కి ఇంకోసారి దిగాను. నడుంనొప్పి ఊసే లేదు. మా ఆవిడ కొన్నాళ్లు నా నడక వంక అనుమానంగా చూసి, తర్వాత ఊరుకుంది.

దయామణి గారు రిటైరై మైలవరంలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. మోకాళ్ల నొప్పులతో తొక్కడం మానేశారు గాని, ఫోను చేస్తే క్షేమసమాచారాల కంటే ముందు "షాక్ ఎలా ఉంది?" అని అడుగుతారు. ఇప్పుడు నేనూ ఒక స్కూలుకి హెడ్మాస్టర్ని. కొత్తగా చేరిన టీచర్లు ఏదో చెప్పుకుందామని నా రూముకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "ఏం ఇబ్బంది లేదు సార్" అంటారు. నేను టీ చెప్పొస్తానని లేచి వరండాలోకి వెళతాను. టీ చెప్పడానికి నిమిషం చాలు. అయినా అక్కడే నిలబడి గ్రౌండులో ఆడుకునే పిల్లల్ని చూస్తుంటాను. లోపల కుర్చీ కిర్రుమన్నాకే తిరిగి వెళతాను.