నా బోర్డుకే కట్టిన వైరు

గంటలకొద్దీ ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంటే ప్రేమలో పడ్డట్టేనని మా అవ్వ నమ్మకం. నిజానికి నేను వినేది కస్టమర్ కేర్ వాళ్లు పెట్టే పాట. మందమర్రిలో నాది ఆన్‌లైన్ సెంటర్. కంపెనీ మారుదామని పాత ఇంటర్నెట్ తీయించాను, కొత్తది రాలేదు. నా తర్వాత అడిగిన ఎదురు సెంటర్ నజీమాకు ఈ రోజు వచ్చేసింది. నా గిరాకీ అంతా అక్కడికే పోయింది. మళ్లీ ఫోన్ చేశాను.

"మీ వీధికి ఇంకా లైన్ రాలేదు మేడం."

"రాకపోతే నా షాపు బోర్డుకు కట్టిన గీ వైరు ఎవరిది, అన్నా?"

"అది ఎదురు షాపుకు వెళ్లేది మేడం. ఇంకేమైనా సహాయం కావాలా?"

పక్కనే ఉన్న అవ్వ ఉలిక్కిపడింది. "అయ్యో, అన్నా అన్నవేందే బిడ్డా!"

నజీమా మంచిదే, కుళ్లు నాదే. మీకైతే రాదా చెప్పండి. రేపు పొద్దున్నే ఆ వైరు నా బోర్డు నుంచి విప్పేస్తున్నాను.