ఓడ డెక్కు మీద ఆమె అన్న మాట

నా భార్యకు రొమ్ములో గడ్డ తేలిన వారమే నేను చిన్న వీడియో కెమెరా కొన్నాను. స్వస్థత దొరికితే జరిగినదంతా ఉన్నదున్నట్టు సంఘానికి చూపిస్తానని ప్రభువుకు మ్రొక్కుబడి చేసుకున్నాను. అండమాన్‌లో, రంగత్ బడిలో మాస్టరుని. సినిమా తీయడం గురించి నాకేమీ తెలియదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై వెళ్ళే ఓడలో, ఆసుపత్రి వరండాలో, చివరికి ఆమె జుట్టు రాలిన దిండునీ వదలకుండా కనబడిందల్లా తీశాను.

ఆమె బతికింది. అందుకు ఈనాటికీ మోకాళ్ళ మీద స్తుతిస్తాను.

చిక్కంతా మూడో ప్రయాణంలో తీసిన ఒక ముక్కతో వచ్చింది. డెక్కు మీద, వాంతులయ్యాక, కొంగుతో మూతి తుడుచుకుంటూ ఆమె కెమెరాలోకి చూసింది. "ఇంక నన్ను ప్రార్థన సెయ్యమనకండి. ఆయన మీద నాకు కోపంగా ఉంది." ఆపైన చాలాసేపు ఉత్త సముద్రమే. కెమెరా ఆపడం మరిచిపోయాను.

ఆదివారం చూపించబోయే ముందు సంఘపెద్ద మా ఇంటికొచ్చి మొత్తం చూశారు.

"మాస్టారూ, ఆ ముక్క తీసేయండి. బిల్కుల్ వద్దు. సూసినోళ్ళ విశ్వాసం ఏటైపోద్ది?"

వంటగదిలోంచి నా భార్య అందుకుంది. "తీసేత్తే నన్నూ తీసేయండి భయ్యా. మిగతాదంతా ఈయన కెమెరా ఎత్తితే నవ్విన నవ్వే. నాను నిజంగా మాటాడింది అదొక్కటే."

"అరే దీదీ, సాక్ష్యమంటే కృతజ్ఞత గదా!"

"ఆ మాట ఎవలూ ఇనకపోతే నాను మరి మందిరానికి రాను."

అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నది ఆజ్ఞ. బలహీనులకు అడ్డురాయి కావద్దన్నదీ వాక్యమే. రెండూ సండేస్కూల్లో పిల్లలకు నేనే కంఠతా పట్టించాను. శనివారం ఆ ముక్క రెండుసార్లు తీసి, రెండుసార్లు పెట్టాను. చివరికి మ్రొక్కుబడికి భయపడి ఉంచేశాను. అది విశ్వాసమో పిరికితనమో తెలియదు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ కూర్చున్నవాళ్ళు "స్తోత్రం" అంటారు. ఒళ్ళో పిల్లలకు సైతం అలవాటే. ఆ ఆదివారం మందిరంలో, చీకటి కోసం దుప్పట్లు కట్టిన కిటికీల మధ్య, గోడ మీద పడ్డ వీడియోలో నా భార్య "కోపంగా ఉంది" అని ఆగింది.

"స్తోత్రం!" అంది సంఘమంతా.

సముద్రం సాగుతూనే ఉంది. ఆ ఖాళీలో ఇంకో స్తోత్రం, మరొకటి. సంఘపెద్ద పెదవులు కూడా కదిలాయి. తర్వాత ఆయన తల వంచుకున్నారు.

ఇంటికి నడుస్తూ ఆమె అడిగింది. "ఇన్నారంటారా?"

"విన్నారు."

"ఇని అన్నారా, ఇనకుండా అన్నారా?"

 ఆ రాత్రి అదే ప్రశ్న ప్రభువును అడిగాను, ఆయనా చెప్పలేదు.

మరుసటి ఆదివారం ఆమె నాకన్నా ముందే తయారై గుమ్మంలో నిలబడింది. "ఒక్కొక్కల్నీ అడుగుతాను, ఏటి ఇన్నారో" అంది. ఆరాధనకు వెళ్తోందో పోట్లాటకు వెళ్తోందో తేల్చుకోలేక ఆమె వెనకే నడిచాను.