నా గడ్డ సంగతి టీవీకి ఎవరు చెప్పారు

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పక్కన చేతికి ఏదో తగిలింది. కుంకుడు గింజంత ఉంది. నొక్కితే నొప్పి లేదు, వేలికింద జారుతోంది. నీళ్లు చల్లబడేదాకా అలాగే నిలబడ్డాను.

కరోనా తర్వాత బళ్లు మళ్లీ తెరిచిన రోజులవి. షాద్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయనది ఊరవతల కంపెనీలో షిఫ్టు పని. మా అత్తమ్మ పాలమూరు దగ్గరి పల్లెలో మేకలు కాసిన మనిషి. మోకాళ్లు సహకరించక మందను అమ్మేసి మా దగ్గరికి వచ్చేసింది. మా మేనత్త ఇలాంటి గడ్డతోనే పోయింది. అందుకే నేను ఎవరికీ చెప్పలేదు. ముందు డాక్టరుకు చూపించుకుందాం, ఏమీ లేదంటే చెప్పే పనే ఉండదు, ఉందంటే అప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

కానీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు. ధైర్యం కోసం ఫోను తెరిచాను. బడిలో మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో గోడవైపు తిరిగి కూర్చుని, ‘రొమ్ములో గడ్డ, నొప్పి లేదు’ అని తెలుగులోనే టైపు చేశాను. ఎన్నెన్నో పేజీలు వచ్చాయి. ఒకటి ఏమీ కాదంటుంది, దాని కిందిది ప్రాణానికే ముప్పంటుంది. ఒక పేజీ మాత్రం నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే మీ గడ్డ ఎలాంటిదో ఉచితంగా చెబుతామంది. వయసు, ఊరు, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. అన్నీ చెప్పాక ఫలితం కావాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలంది. ఇచ్చాను. ‘మా నిపుణులు మిమ్మల్ని సంప్రదిస్తారు’ అన్నది తప్ప ఫలితం రాలేదు.

ఇంటికి పోయే ముందు ఫోనులో చూసిన పేజీల జాడలన్నీ చెరిపేశాను. ఆ తర్వాత వెతకాల్సి వస్తే నల్ల టోపీ, కళ్లద్దాల బొమ్మ ఉండే రహస్య విండోలోనే వెతికాను. అంతటితో గుట్టు నా దగ్గరే ఉందని నమ్మాను.

మా అత్తమ్మకు చదువు రాదు, కానీ టీవీలో ఒగ్గు కథలు, బోనాల పాటలు పెట్టుకుని చూడడం వచ్చు. ఆ టీవీ నా ఫోనులో ఉన్న ఖాతాతోనే నడుస్తుంది. కొన్నప్పుడు కొట్టువాడే అలా కలిపి ఇచ్చాడు. దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఒక ఆదివారం నారాయణపేట వైపు ఉండే మా ఆడబిడ్డ, ఆమె తోటికోడలు భోజనానికి వచ్చారు. మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. తిన్నాక అందరూ టీవీ ముందు చేరారు. మల్లన్న కథ మంచి పట్టులో ఉంది, డోలు దెబ్బ మీద దెబ్బ పడుతోంది. అంతలో డోలు ఆగిపోయి, తెల్లకోటు వేసుకున్న ఒకామె తియ్యటి గొంతుతో అడిగింది: “రొమ్ములో గడ్డ తగులుతోందా? భయపడకండి, ఆలస్యం చేయకండి.”

నేను ఉలిక్కిపడి లేచి రిమోట్ కోసం చూశాను. రిమోట్ అత్తమ్మ ఒళ్లో ఉంది. ఆమె ప్రకటన దాటవేయకుండా నన్నే చూస్తోంది.

మా ఆడబిడ్డ తోటికోడలు నవ్వేసింది. “ఏందమ్మా మీ టీవీ, గిసొంటివి పెడ్తది? మా దగ్గర సబ్బులయి, సిమెంటుయి వస్తయి.”

ఎవరో ఏదో అన్నారు, మాట మారిపోయింది. నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. చుట్టాలు బస్సెక్కాక అత్తమ్మ నా వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

“పిల్లా, గా టీవీల అమ్మ అడిగేది నీ గురించేనా?”

“నా గురించి ఎందుకు అత్తమ్మా, అందరికీ వస్తయి అవి.”

“అందరికి వస్తలేవు. నేను చూస్తనే ఉన్న. నా పాటల నడిమిట్ల గామెనే వస్తాంది, గదే అడుగుతాంది. పక్కింటామె టీవీల గంటసేపు కూసున్న, ఒక్కపారి రాలే. మనింట్ల నాకు లేదు. ఇగ ఎవ్వలకున్నట్టు?”

నాకు ఏడుపు వచ్చింది. భయంతో కొంత, అంతకంటే ఎక్కువ కోపంతో. నేను నోరు తెరిచి చెప్పాలనుకున్న మాట, నాకు నచ్చిన రోజున, నాకు నచ్చినట్టు చెప్పాలనుకున్న మాట, ఎవరో ముక్కూమొహం తెలియని ఆమె నా ఇంట్లోకొచ్చి అందరి ముందూ చెప్పేసింది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. చూపించమంటుందేమో అనుకున్నాను.

“మేకల పొదుగైతే నేనే చూసి చెప్తుంటి. నీకు డాక్టరమ్మనే చూడాలె. రేపే పోదాం” అంది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. “టీవీకి ముందు చెప్పి నాకు ఎనుక చెప్తవా?” అన్నాడు.

“నేను టీవీకి చెప్పలే!” అని అరిచాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన మీద అంత గట్టిగా అరిచింది అదే. ఆయన నొచ్చుకున్నది నిజమే, నా తప్పు లేనిదీ నిజమే. మా ఇద్దరి మధ్య ఈ పని చేసిన ఆ మూడోవాడెవడో మాకు కనిపించడు. కనిపిస్తే తిట్టేదాన్ని.

మర్నాడు అత్తమ్మా నేనూ పాలమూరు వెళ్లాం. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. చేత్తో చూసింది, స్కానింగ్ తీయించింది, సన్న సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపింది. “చూస్తుంటే మామూలు గడ్డలెక్కనే ఉంది, రిపోర్టు వచ్చేదాక ఫికర్ చేయకు” అంది.

రిపోర్టు వచ్చేదాకా ఫికర్ చేయకుండా ఉండడం ఎలా? ఆ ఫికర్‌నంతా ఫోను మీదికి మళ్లించాను. దీని సంగతేదో తేల్చుకోవాలనుకున్నాను.

మా బడిలో కంప్యూటర్ సారును అడిగాను. విషయం ఏమిటో చెప్పకుండా, ప్రకటనలు వెంటపడుతున్నాయని మాత్రమే అన్నాను.

“రహస్య విండోల చూసిన సార్, అయినా ఎట్ల తెలిసింది?”

“గా విండో మీ ఫోన్ల జ్ఞాపకం పెట్టుకోదు మేడం, అంతే. మీ ఇంటోళ్లకు కనవడకుంట దాస్తది గానీ అవుతలోళ్లు చూస్తనే ఉంటరు. అందుట్ల మీరు నంబర్ గిట్ల ఇస్తే ఇగ దాసేదేముంది?”

అయితే నేను ఎవరి నుంచి దాచాలనుకున్నానో వాళ్లకే తెలిసిపోయింది, ఎవరికి తెలుస్తుందని నాకు తోచనే లేదో వాళ్లకు మొదటినుంచీ తెలుసు. “బ్రౌజర్ మార్చుండ్రి” అన్నాడు సారు. ఏది పెట్టుకోవాలంటే, “ఏదైనా ఒక్కటే, జర తక్కువ చూసేది పెట్టుకోండ్రి” అని గంట కొట్టగానే క్లాసుకు వెళ్లిపోయాడు.

దారిలో మొబైల్ కొట్టులో అడిగితే అక్కడి అతను, “మొత్తం క్లీన్ చేస్త మేడం” అని ఫోను తీసుకుని ఏదో యాప్ ఎక్కించాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ శుభ్రం చేసే యాప్ తానే నిమిషానికో ప్రకటన చూపిస్తోంది. దాన్ని తీసేయబోతే, నిజంగా తీసేస్తారా అని రెండుసార్లు బతిమాలింది.

ఇక నేనే కూర్చున్నాను. ఇన్నాళ్లూ బ్రౌజర్ అంటే ఫోనుతోపాటు వచ్చిన కిటికీ అనుకున్నాను, దాన్ని ఎంచుకోవచ్చని కూడా తెలియదు. వాటి గురించి చదువుదామంటే, చదవబోయిన ప్రతి పేజీ ముందు కుకీలకు, అంటే మనం ఏం చూశామో గుర్తుపెట్టుకునే జాడలకు, ఒప్పుకోమని అడ్డం పడుతుంది. ‘అన్నింటికీ అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ పచ్చగా, పెద్దగా ఉంటుంది. వద్దనే మాట బూడిదరంగులో, మూడు పేజీల లోపల, నా కళ్లద్దాలకు కూడా ఆనదు. గుట్టు కాపాడుకోవడం ఎలాగో చెప్పే పేజీ కూడా ముందు నా గుట్టు అడిగింది. ఆ రోజు ఫోనును గోడకేసి కొట్టకుండా ఆపుకున్నది దాన్ని కొన్న అప్పుకు ఇంకా వాయిదాలు కట్టాల్సి ఉందన్న ఆలోచన ఒక్కటే.

నా ఖాతాలో ప్రకటనల సెట్టింగుల లోపలికి వెళితే, నాకు ఇష్టమని వాళ్లు అనుకుంటున్న విషయాలు కనిపించాయి. గణితం, వంటలు, పట్టుచీరలు, పశుపోషణ. చివరిది అత్తమ్మ పుణ్యం. గడ్డ మాత్రం అక్కడ లేదు. నన్ను ఏ మాట వెంటాడుతోందో ఆ మాటే లేకపోతే, దేన్ని తీసేయాలి? ఆరోగ్యం ప్రకటనలు వద్దని ఎక్కడ చెప్పాలో వెతికి వెతికి కళ్లు మండాయి. చివరికి నా గురించి తెలుసుకుని ప్రకటనలు చూపించడాన్నే మొత్తంగా ఆపేశాను. అప్పుడు ఒక హెచ్చరిక వచ్చింది: ఇకపై మీకు అంతగా ఉపయోగపడని ప్రకటనలు కనిపించవచ్చునట. ఉపయోగపడినవి చాలు తల్లీ అనుకున్నాను.

కొత్త బ్రౌజర్ ఒకటి ఎక్కించాను. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మన వెంటపడే కుకీలను అది తనంతట తానే ఆపుతుంది. వెతికే సాధనాన్ని కూడా మార్చుకున్నాను. బాగానే ఉందనుకునేలోపు బడి హాజరు పేజీ అందులో తెరుచుకోలేదు. తెల్లటి తెర మాత్రం వచ్చింది. హాజరు వేయకపోతే ప్రిన్సిపాల్ మేడం ఊరుకోదు. “అందరికి ఓపెన్ అయితాంది, మీకొక్కరికే ఎందుకైతలేదు మేడం?” అని అడిగింది. నా గుట్టు కోసమని ఆమెకు ఎలా చెప్పను? ఏదో నెట్‌వర్క్ మీదికి నెట్టి, పాత బ్రౌజర్‌నే మళ్లీ తెరిచాను. అప్పటి నుంచి నా ఫోనులో రెండు ఉన్నాయి. బడి పని, కరెంటు బిల్లు పాతదాంట్లో. నా సొంత సంగతులు కొత్తదాంట్లో, ఏ ఖాతాలోకీ వెళ్లకుండా. టీవీకి వేరే ఖాతా పెట్టాను. అందులో అత్తమ్మ పాటలు తప్ప నావేమీ లేవు. యాప్‌లకు ఇచ్చిన అనుమతులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, క్యాలెండర్ యాప్‌కు నా మైకు ఎందుకో, పంచాంగానికి నేనెక్కడున్నానో ఎందుకో అర్థం కాలేదు. అన్నీ తీసేశాను.

రిపోర్టు వచ్చింది. మామూలు గడ్డే, ప్రమాదం లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలు. అత్తమ్మ దవాఖాన బయటే ఒక బండి దగ్గర నాకు చెరకురసం తాగించింది. మా ఆయన ఫోనులో విని, “మంచిది” అని ఒక్క మాటే అన్నాడు. కాసేపటికి మళ్లీ చేసి అదే మాట ఇంకోసారి అన్నాడు.

నా భయం తీరింది గానీ, నా నంబరు తీసుకున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఫోన్లు మొదలయ్యాయి. క్లాసులో ఉండగా ఒకటి, బస్సులో ఉండగా ఒకటి.

“మేడం, మీ గడ్డ గురించి మాట్లాడడానికి చేస్తున్నామండీ. ఈ వారం స్కానింగ్‌కి ప్రత్యేక ఆఫర్ ఉంది.”

“నాకేం లేదు. నా నంబరు తీసేయండి.”

“సిస్టమ్‌లో ఉందండి మేడం, మా చేతుల్లో ఉండదు.”

“మరి ఎవరి చేతుల ఉంది? వాళ్లకియ్యి ఫోన్.”

అవతలి అమ్మాయి ఫోను పెట్టేసింది. ఆ నంబరును ఆపితే వేరే నంబరు నుంచి వచ్చింది, వేరే పేరుతో. అంటే నా గడ్డ చేతులు మారుతోందన్నమాట. నాకు లేని రోగం నా పేరుతో ఎక్కడో భద్రంగా ఉంది. బయట బస్సుల మోతలో నేను గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది, మాట్లాడితే పక్కవాళ్లు వినేవాళ్లు. కొన్నాళ్లకు తెలియని నంబర్లు ఎత్తడమే మానేశాను. దాంతో పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు కూడా ఎత్తక మాటలు పడ్డాను.

పదో తరగతి ఆడపిల్లలకు ఒక రోజు లెక్కలు ఆపి ఇదంతా చెప్పాను, గడ్డ సంగతితో సహా. ఎవరికీ చెప్పలేనివి వాళ్లు కూడా ఫోనునే అడుగుతారని నాకు తెలుసు. అడగండి, కానీ నంబరు ఇవ్వకండి, ఇంట్లో అందరూ వాడే ఖాతాలో అడగకండి, ఉచితమన్న చోట ఇంకొంచెం అనుమానించండి అన్నాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతి, “అయితే ఎవ్వలకు చెప్పుకోవాలె మేడం?” అంది. నేను “నాకు చెప్పండి” అన్నాను గానీ, అది ఆమె అడిగినదానికి సరైన జవాబు కాదని నాకే అనిపించింది.

మొన్నీమధ్య అత్తమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించింది.

“దగ్గినా తుమ్మినా చీర తడుస్తాంది బిడ్డా. గిట్లెందుకైతదో జర నీ ఫోన్ల చూడు. పాతదాంట్ల కాదు, ఎవ్వలకు తెల్వకుంట చూసేది పెట్టినవు గదా, గా కొత్తదాంట్ల.”

ఆమె అంత నమ్మకంగా అడిగేసరికి అబద్ధం చెప్పలేకపోయాను. “ఎవ్వరికీ తెల్వకుంట అనేది లేదత్తమ్మా. కొంచెం తక్కువ తెలుస్తది, అంతే” అన్నాను.

“మరి గన్ని దినాలు గంత ఎందుకు పీకులాడినవు?”

ఆ తక్కువ కోసమే అన్నాను. ఆమె లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. “అయితే వద్దు తియ్యి. నువ్వు చూపిచ్చుకునే దినం నేను గూడ వస్త. డాక్టరమ్మనే అడుగుత, తలుపేసి” అంది.