ముందు నువ్వు తాగు

వరదప్ప ఎవరి చేతి నీళ్లూ ఊరికే తాగడు. ఇచ్చినవాళ్లు ముందు ఒక గుక్క తాగి చూపించాలి. తాగాక కాసేపు ఆయన ఎదుట నిలబడాలి. వాళ్లు ఇంకా నిలబడే ఉన్నారని రూఢి అయ్యాకే ఆయన తాగుతాడు. నీళ్లకే ఇంత ఉంటే మిగతావాటి సంగతి చెప్పనక్కర్లేదు. పెళ్లిలో ఆయన విస్తరి ముందు కూర్చుంటే పెళ్లికూతురి తండ్రి పనులన్నీ మానుకుని వచ్చి, అందులోంచి ఒక ముద్ద తినిపోవాలి. గుడిలో పూజారి తీర్థం పోయబోతే "ముందు నీ నోట్లో పోసుకో సామీ" అంటాడు. గడ్డం గీసే నంజప్ప కత్తిని మొదట తన చెంపల మీద ఆడించి చూపించాలి. వారానికి రెండుసార్లు వరదప్ప గడ్డం గీయబట్టి, హోసూరు తాలూకా మొత్తం మీద నంజప్ప చెంపలంత నున్నటి చెంపలు ఎవరికీ లేవని చెప్పుకునేవారు.

కొత్తగా నయాపైసలు వచ్చినప్పుడు ఆర్నెల్లపాటు ఆయన వాటిని ముట్టుకోలేదు. ముందు ఢిల్లీలో చెల్లనీ, తర్వాత చూద్దామన్నాడు.

అటువంటి మనిషి 1959 జనవరిలో, మంచు ఇంకా విడవని ఒక పొద్దున, మూతబుట్ట ఒకటి చంకలో పెట్టుకుని తన పల్లె నుంచి మూడు మైళ్లు నడిచి హోసూరు పశువుల ఆస్పత్రికి వచ్చాడు. ఆవరణలో నాలుగు జతల ఎద్దులు, ఒక బర్రె, ఆరు గొర్రెలు వరసలో ఉన్నాయి. వరదప్ప బర్రె వెనకాల నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కాంపౌండరు చెన్నకేశవను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా, కాంపౌండరు నువ్వేనా?"

"నేనే."

"నువ్వు చెప్తే సరా? ఇంకెవురన్నా చెప్పల్ల."

బర్రెను కట్టేస్తున్న అటెండరు మాదప్ప "ఆయప్పేలే వరదప్పా, నేను చెప్తాండా కదా" అని సాక్ష్యం పలికాడు. అప్పుడు గానీ బుట్ట మూత తెరుచుకోలేదు.

లోపల పత్తిలో ఒక ఎలుక ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముక్కులోంచి సన్నగా ఈల వస్తోంది.

"పిల్లికూతలు," అన్నాడు వరదప్ప. "ఎలుకకు పిల్లికూతలేందని నవ్వొద్దు. ఊర్లో అందురూ నవ్వి అయిపోయినారు. వీని పేరు బుడ్డప్ప."

"ఎలుకను బోన్లో పట్టి చంపేది చూసినాము గానీ వైద్యం చేయించేది యాడా చూళ్లేదే," అన్నాడు మాదప్ప.

"వీడూ బోన్లో పడినోడే. చంపుదామని పోతే ఊపిరాడక కొట్టుకుంటాండాడు. తోడెలుకలే వీన్ని బయటికి తరిమినాయని నా అనుమానం. జబ్బోన్ని ఎవురు పెట్టుకుంటారు చెప్పు? అందుకే నేను పెట్టుకొన్నా."

జబ్బోన్ని ఎవరు పెట్టుకుంటారన్న మాట చెన్నకేశవకు సూటిగా వచ్చి తగిలింది. దానికి కారణం ఉంది. వేప్పనపల్లి వైపు మామిడితోపుల నుంచి వచ్చిన ఈ ఇరవై నాలుగేళ్ల అబ్బాయికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. చలికాలం వస్తే ఆయన రొమ్ములోనూ బుడ్డప్ప పాడే పాటే వినిపించేది. ఆ సంగతి హోసూరులో ఎవరికీ తెలియదు. తెలియనివ్వకుండా ఆయన పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. దగ్గు వస్తే పట్టి ఉంచి, ఎద్దు రంకె వేసినప్పుడు దాంతోపాటు దగ్గేవాడు. ఎద్దులు లేని రోజున ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉండేది.

ఉద్యోగం తాత్కాలికం. మార్చిలో కృష్ణగిరి పెద్దాస్పత్రిలో ఒంటి పరీక్ష జరగాలి, అది ఇక్కడ అందరికీ తెలిసిందే. గుండె, ఊపిరి సరిగా ఉన్నాయని అక్కడి డాక్టరు సర్టిఫికెట్టు రాసిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఇంట్లో అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు ఆ జీతం మీదే బతుకుతున్నారు.

వరదప్ప ఎలుకను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత, "ఏదీ, నువ్వు అట్లా తిరుగు," అన్నాడు.

"నేనెందుకు?"

"బాగుండే ఊపిరి ఎట్లుంటాదో తెలిస్తే కదా చెడ్డది తెలిసేది. నీది విననీ."

కాదనే లోపలే ఆయన చెవి చెన్నకేశవ వీపుకు అతుక్కుపోయింది. చెన్నకేశవ గట్టిగా ఊపిరి బిగబట్టాడు. వరదప్ప చాలాసేపు విన్నాడు.

"ఏందప్పా, లోపల ఎవురూ లేరా?"

ఆ రోజు వెళ్లేటప్పుడు వరదప్ప ఆయన్ను చూసిన చూపు మంచి చూపులా అనిపించలేదు. పైగా మాదప్ప వచ్చి చెవిలో ఊదాడు. "జాగ్రత్తప్పా. ఆయప్పకు అనుమానమొస్తే అర్జీ రాస్తాడు. ఆయప్ప అర్జీ దెబ్బకు ఇద్దురు గుమాస్తాలు ఊరిడిసి పోయినారు."

వరదప్ప వెళ్లకముందే డాక్టరు ఎలుకను ఒకసారి చూసి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అప్పటికీ అది ఎలుకే కావడంతో "నువ్వే చూసుకో" అని చెన్నకేశవకు అప్పగించి బర్రె దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు వరదప్ప ఒక మూట తెచ్చి బల్లమీద విప్పాడు. అడ్డసరం ఆకు, తులసి, శొంఠి, మిరియాలు, ఇంత బెల్లం. "బుడ్డప్పకు కషాయం. నువ్వు కాచు," అన్నాడు.

"ఇంట్లోనే కాచి తెస్తే సరిపోను కదప్పా?"

"ఇంట్లో ఎవురేం కలుపుతారో ఎట్లా నమ్మేది?"

"ఇంట్లో ఉండేది మీ ఇంటామె ఒకటే కదా," అన్నాడు మాదప్ప.

"అందుకే చెప్తాండా."

సూదులు ఉడికించే స్టవ్వు మీద చెన్నకేశవ కషాయం కాచాడు. వరదప్ప దాన్ని పెద్ద లోటాలో పోయించి ఆయన చేతికే ఇచ్చాడు. "ముందు నువ్వు తాగు. కాచినోడే తాగల్ల."

చెన్నకేశవ ఒక గుక్క తాగి లోటా కింద పెట్టాడు.

"ఒక గుక్కతో ఏం తెలుస్తాది? విషమనేది అడుగున ఉంటాది. అడుగుదాకా తాగు."

అడుగుదాకా తాగించాడు. తాగాక ఎదురుగా కూర్చుని, మనిషి పడిపోతాడేమోనని అరగంట చూశాడు. పడిపోలేదు. అప్పుడు లోటాలో మిగిలిన ఒక్క చుక్కను పత్తితో అద్ది బుడ్డప్ప మూతికి రాశాడు. బుడ్డప్ప రెండుసార్లు తుమ్మి, మూతి తుడుచుకుని పత్తిలోకి దూరిపోయాడు. "ఈ దినానికి చాలు," అన్నాడు వరదప్ప.

ఇది రోజూ జరిగేది. ఎద్దుల వాళ్లు ఈ తమాషా చూడడానికే ముందుగా వచ్చి కూర్చునేవారు. చెన్నకేశవ కారం మింగలేక కళ్లనీళ్లు పెట్టుకుంటే వాళ్లు నవ్వేవారు. ఒక్క వరదప్ప నవ్వేవాడు కాదు, కళ్లు చిట్లించి ఆయన రొమ్ము వైపే చూస్తూ ఉండేవాడు. ఆ చూపు పడగానే చెన్నకేశవ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకునేవాడు.

ఒకరోజు వరదప్ప ఉన్నట్టుండి అడిగాడు. "రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తావప్పా?"

"ఎవరు, నేనా?"

"బుడ్డప్ప సంగతి అడుగుతాండా."

"బుడ్డప్ప మీ ఇంట్లో కదా పండుకొనేది?"

వరదప్ప బుట్ట మూత బిగించాడు. "నీకు తెలివుందా లేదా అని చూసినాలే," అని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు. ముసలాయన పసిగట్టేశాడని, ఇక అర్జీ పడడమే తరువాయి అని చెన్నకేశవ ఖాయం చేసుకున్నాడు.

ఫిబ్రవరిలో వరదప్ప ఒక బొంత తెచ్చాడు. పాత చీరలు ఉతికి కుట్టిన శుభ్రమైన బొంత, ఆరడుగుల పొడవుంది. బుడ్డప్పకని చెప్పాడు.

"ఎలుకకు ఇంత బొంతనా?" అన్నాడు మాదప్ప.

"పెరిగేవాడు కదా. కాంపౌండరప్పా, నెల దినాలు నువ్వు కప్పుకొని చూడు. దీంట్లో ఏమన్నా కుట్టే పురుగులుంటే ముందు నిన్ను కుడతాయి."

బొంతలో పురుగులు లేవు. వెచ్చగా ఉంది. చెన్నకేశవకు దాని మీద కూడా అనుమానమే. పాత కంబళి అటకెక్కించి బొంత కప్పుకుంటూనే, ఇందులో ముసలాయన ఎత్తు ఏమిటా అని ఆలోచించేవాడు.

తర్వాత వరదప్ప మాదప్ప బీడీల మీద పడ్డాడు. పొగ ఎలుకకు పడదట, గేటు బయటికి పోయి తాగమన్నాడు. మాదప్ప వినలేదు. "నీ పేరు ఇంటిపేరుతో సహా చెప్పు, రాసుకోవల్ల" అని వరదప్ప పెన్సిలు తీశాడు. ఆ గడియ నుంచీ మాదప్ప గేటు బయటే తాగాడు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. డాక్టరు పిలిచి, "వరదప్ప అర్జీ పెట్టినాడు, నీ సంగతే ఉంది," అని కాగితం చేతిలో పెట్టాడు. చెన్నకేశవకు అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు తుడుచుకుని చదివాడు.

"కాంపౌండరు పడుకునే గదిని ఆనుకొని ఎండుగడ్డి నిలవ చేసియున్నారు. ఆ దుమ్ము కాంపౌండరు బట్టలకు అంటి, అందునుండి నా ఎలుక బుడ్డప్ప ముక్కులోనికి పోవుచున్నదని నాకు గట్టి అనుమానము. గడ్డిని దూరముగా మార్చనియెడల కలెక్టరు దొరగారికి విన్నవించుకొనగలవాడను."

ఎలుక వ్యవహారం కలెక్టరు దాకా పోతే నవ్వులపాలవుతామని డాక్టరు ఆ సాయంత్రమే గడ్డి మొత్తం ఆవరణ చివరి కొట్టంలోకి మార్పించాడు. అర్జీలో తన ఆయాసం మాట లేనందుకు చెన్నకేశవ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో ఆయనకు తట్టలేదు. ఎద్దుల రంకెల కోసం ఎదురుచూడడం మానేసి అప్పటికే పదిహేను రోజులు దాటింది. చలి తగ్గినందువల్ల అనుకున్నాడు.

మార్చిలో పరీక్ష రోజున కృష్ణగిరి బస్సు ఎక్కి కూర్చున్నాడో లేదో, కింద తెలిసిన గొంతు వినిపించింది.

"ముందు నువ్వెక్కప్పా, నువ్వు కూర్చుంటే నేను ఎక్కుతా." వరదప్ప డ్రైవరుతో అంటున్నాడు. చంకలో బుట్ట ఉంది.

చెన్నకేశవ వెనక సీట్లో నక్కి కూర్చున్నాడు. ఎందుకొస్తున్నాడో ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేదు. డాక్టరు బల్లమీద ఎలుకను పెట్టి, "ఈ ఇద్దురికీ ఒకటే జబ్బు, వినండి" అంటాడు. అంతటితో ఉద్యోగం పోతుంది. రెండు నెలలు కారం కషాయం తాగించి, ఇప్పుడు తిండి కూడా లాగేస్తాడా అని దారి పొడవునా ముసలాయన్ను మనసులో తిట్టుకున్నాడు.

కృష్ణగిరిలో డాక్టరు చొక్కా విప్పమన్నాడు. రొమ్ము మీద, వీపు మీద గొట్టం పెట్టి గట్టిగా పీల్చమన్నాడు. చెన్నకేశవ భయపడుతూనే పీల్చాడు. లోపల ఈల లేదు. మళ్లీ పీల్చమన్నాడు. ఈసారీ లేదు. డాక్టరు సంతకం చేసి కాగితం ఇచ్చి తర్వాతి మనిషిని పిలిచాడు.

వరండాలో బల్లమీద వరదప్ప కూర్చుని ఉన్నాడు. "ఏమన్నాడప్పా?"

"బాగుండాదన్నాడు."

"నువ్వు నమ్మినావా?"

"సంతకం చేసినాడు కదా."

"సంతకాలదేముంది. ఏదీ, అట్లా తిరుగు."

నలుగురూ చూస్తుండగా వరదప్ప ఆయన వీపుకు చెవి ఆనించాడు. చెన్నకేశవ ఈసారి ఊపిరి బిగబట్టలేదు. ముసలాయన కళ్లు మూసుకుని, ఇటు ఒకసారి అటు ఒకసారి విన్నాడు.

"ఊ. సరిగ్గానే రాసినాడు," అని బుట్ట మూత తీశాడు. అందులో రెండు చిత్రాన్నం పొట్లాలున్నాయి.

"బుడ్డప్ప యాడ?"

"ఇంట్లో. ఈ బస్సు దుమ్ములో వాన్నెందుకు తెస్తాను? వానికి ఊపిరాడదు."

"మరి మీరెందుకొచ్చినారు?"

"చిత్రాన్నం తినేకి. ముందు నువ్వు తిను."

చెన్నకేశవ అలవాటు కొద్దీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగేలోపల లోటా, బొంత, బీడీలు, గడ్డి అర్జీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. బస్సులో తిట్టుకున్న తిట్లు కూడా గుర్తొచ్చి సిగ్గుతో తల వంచుకుని తిన్నాడు.

ఆ ఆదివారం మూడు మైళ్లు నడిచి వరదప్ప ఇంటికి వెళ్లాడు. రొమ్ములో ఎక్కడా పట్టలేదు. వరదప్ప భార్య జయలక్ష్మమ్మ ఆయన్ను చూడగానే నవ్వింది.

"నువ్వేనా అప్పా? మొదటి దినం ఆస్పత్రికి పోయొచ్చినాడే, ఆ దినమే చెప్పినాడు. 'అమ్మీ, ఆడ ఇంకో ఎలుక ఉండాదే, చొక్కా ఏసుకొనుంది. అడిగితే పారిపోతాది, ఎట్లా పట్టేది' అని. బొంత కుట్టిచ్చే దాకా నన్ను నిద్రపోనిస్తే కదా."

"ఊరికే మాట్లాడుతుందిలే," అన్నాడు వరదప్ప. "ఆమె చెప్పేది నమ్మొద్దు."

జయలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి చెన్నకేశవ చేతికిచ్చింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి వరదప్ప ముందు పెట్టాడు. "ముందు మీరు తాగండి. అడుగుదాకా."

వరదప్ప ఒకసారి గ్లాసు వంక, ఒకసారి ఆయన వంక చూసి, అడుగుదాకా తాగేశాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన ఇలా తాగడం చూడలేదంటూ జయలక్ష్మమ్మ ఇంకో గ్లాసు తేవడానికి లోపలికి పరిగెత్తింది.

రాగుల గాదె మీద పత్తిలో బుడ్డప్ప కూర్చుని బెల్లం ముక్క కొరుకుతున్నాడు. మునుపటిలాగే డొక్కలు ఎగురుతున్నాయి, ముక్కులోంచి సన్నగా ఈల వస్తోంది.

"వీనికి తగ్గనే లేదే," అన్నాడు చెన్నకేశవ.

వరదప్ప ఎలుకను అరచేతిలోకి తీసుకుని వీపు మీద చూపుడువేలితో నిమిరాడు.

"తగ్గకపోతే పోనీలేప్పా. వీనికేమన్నా సర్టిఫికెట్టు కావల్లనా?"