రైస్ కుక్కర్ వైరు

ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. రాజోల్లో తెరుస్తున్న ఒక సెంటర్‌కు గాల్లోంచి నెట్ అందించే పెట్టె బిగించడానికి అనంతపురం నుంచి వెళ్లాను. పెట్టె పెట్టాల్సింది ఊరి చివర ఒక కొబ్బరి రైతు గారి డాబా మీద. తీరా విప్పితే, దాని పవర్ వైరుకు బల్లపరుపు పిన్నులున్నాయి. అమెరికా గోడలకు తప్ప పనికిరావు. సరైన వైరు అమలాపురంలో దొరుకుతుందట, ప్రారంభానికేమో అరగంటే ఉంది.

"ప్లగ్గు కోసేసి, వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చేద్దామాండీ?" అన్నారు రైతు గారు.

"వద్దండీ, సెంటర్‌కు ప్రారంభం, మనకు ముగింపు ఒకే ముహూర్తానికి అయిపోతాయి" అన్నాను.

ఆయన భార్య నవ్వుతూ వంటింట్లోంచి రైస్ కుక్కర్ వైరు తెచ్చి ఇచ్చారు. మూడు గుండ్రటి పిన్నులు, పైన ఐఎస్ఐ ముద్ర. పెట్టె వెనక చక్కగా పట్టింది. సెంటర్లో నెట్ వచ్చింది.

కాసేపటికి నెట్ పోయిందని సెంటర్ యజమాని ఫోన్ చేశాడు. డాబా ఎక్కి చూస్తే వైరు లేదు. కింద వంటింట్లో కుక్కర్ ఉడుకుతోంది.

"అంత దూరం నుంచి వచ్చేరు, అన్నం పెట్టకుండా పంపుతామాండీ?" అన్నారావిడ.

మా వైపైతే తిట్లు తప్పవు. భయపడుతూనే యజమానికి ఉన్నమాట చెప్పాను.

"ఆయ్, భోజనమా? ముందే చెప్పొద్దాండీ! తిన్నాకే నెట్ ఇవ్వండి, ఇక్కడ జనాన్ని నేను కూర్చోబెడతాను."

కుక్కర్ టక్కుమనే దాకా ఆ సెంటర్లో కంప్యూటర్లన్నీ నా అన్నం ఉడకడం కోసం ఆగాయి.