ద్వారకానాథ్ అంకుల్ బ్లాక్‌లెటర్

మేం విదేశానికి వలసొచ్చి ఉంటున్న టూంగాబీలో మా పక్కింటి ద్వారకానాథ్ అంకుల్ ఏం రాసినా బ్లాక్‌లెటర్‌లోనే రాస్తారు. పాత బైబిళ్ళలోనూ, డిగ్రీ పట్టాల్లోనూ, బీరు సీసాల మీదా, కండలు తిరిగినవాళ్ళ పచ్చబొట్లలోనూ తప్ప నాగరికులకు పెద్దగా తగలని లిపి అది. నల్లగా, కోసుగా, భుజాలు ఒరుసుకుంటూ నిలబడే ఆ ఇంగ్లీషు అక్షరాల్లో ‘మినిమమ్’ అని రాస్తే ఇనపకంచె కనిపిస్తుంది. పోయినేడాది ఉన్నట్టుండి పట్టుకుందీ పిచ్చి. చెత్తడబ్బా మీద ఇంటి నంబరు సైతం చర్చి గోపురంలా లేచి నిలబడింది.

ఆయన పక్కింటివాణ్నని చెప్పుకోవడానికి నాకు సిగ్గు. అకారణంగా కాదు.

ఇంట్లో పాత సామాన్లు అమ్మడానికి ఆయన పెట్టిన గరాజ్ సేల్ బోర్డును చావుకబురనుకుని ఎదురింటి ముసలావిడ తెల్లపూలతో వచ్చి, "సో సారీ ఫర్ యువర్ లాస్" అంది. అంకుల్ పూలు అందుకుని ఆవిడకు పాత మిక్సీ అంటగట్టారు. నేను కర్టెన్ వెనక్కి తప్పుకున్నాను.

మెడదాకా పచ్చబొట్లున్న మోటార్‌సైకిల్ వీరుడొకడు ఆగి, చెత్తడబ్బాను భక్తితో చూసి, "హూ డిడ్ దిస్, మేట్?" అన్నాడు. ఎవరో నాకు తెలీదన్నాను.

అసలు రభస తెలుగు సంఘం నెలవారీ భోజనాల దగ్గర. కూరల బల్లమీద పేర్ల చీటీలు అంకుల్ భార్య లీల ఆంటీ రాస్తారు, మిఠాయిలవి అంకుల్.

"జీడిపప్పు పడనివాళ్ళుంటారు. అక్కడ రాసింది స్వీటో శాపమో తెలియట్లేదు!" అని మండిపడ్డారు ప్రెసిడెంటు ఉదయలక్ష్మి గారు. "ఇకమీదట అన్ని చీటీలూ ప్రింటే. జయంత్, పక్కిల్లు నీదేగా, నువ్వే చెప్పు."

వెళ్ళి చెప్పాను. అంకుల్ మొహం పాలిపోయింది.

"లీల రాసేవి కూడానా?"

"అన్నీనండి."

ఆంటీ పెరట్లో ఉన్నారని చూసుకుని, ఆయన కాగితం మీద నా పేరు రాశారు. గుండ్రంగా, ముత్యాల్లా ఉంది.

"మామూలుగా రాయడం వచ్చా మీకు!"

"మెల్లగా మాట్లాడవోయ్! నిరుడు దాని చెయ్యి వణకడం మొదలైంది. భోజనాల్లో ఎవరో ‘ఇదేం రాత ఆంటీ’ అని నవ్వారు. ఇంటికొచ్చి పెన్నులన్నీ డబ్బాలో పెట్టి మూతేసింది. అందుకని నేనీ గోల మొదలెట్టా. ఇప్పుడు నవ్వేవాళ్ళంతా నా బల్ల దగ్గరే. అది హాయిగా రాసుకుంటోంది."

"మరి చెత్తడబ్బా?"

"భోజనాల దగ్గరొక్కచోటే ఇలా రాస్తే లీల కనిపెట్టేయదూ?"

నా సిగ్గు అప్పుడు దారి మార్చుకుని నేరుగా నా మీదికే వచ్చింది.

ఉదయలక్ష్మి గారికి విషయం చెప్పాను. ఆవిడ జీడిపప్పు హెచ్చరిక ఒక్కటే ప్రింటు చేయించారు.

మర్నెల భోజనాల్లో మైసూర్‌పాక్ ముందు నిలబడి, హాలంతా వినేలా అరిచాను: "ఏంటంకుల్ ఈ రాత? ఆంటీని చూసి నేర్చుకోండి!"

వరసంతా ఘొల్లుమంది. లీల ఆంటీ పెన్ను పట్టుకుని లేచారు. "ఏడాదిగా మొత్తుకుంటున్నా నాయనా, వింటేగా! ఇలా జరగండి. ఈ బల్ల కూడా నేనే రాస్తా."

అంకుల్ సిగ్గుతో తల దించుకున్నారు. ఏడాదిగా ఆయన పక్కన సిగ్గుపడ్డ అనుభవంతో చెబుతున్నాను, అంత అందంగా సిగ్గుపడ్డ మనిషిని నేను చూడలేదు. దించిన తల దించినట్టే ఉంచి, నాకు కన్నుకొట్టారు.