మూడో విజిల్ తర్వాత

నాకు ఓపిక తక్కువ. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర సిగ్నల్ పచ్చగా మారకముందే ముందు బండికి హారన్ కొట్టే రకాన్ని. మీటింగులు గడువు దాటకుండా ముగించడం ఆఫీసులో నా పని. అది నాకు బాగానే అబ్బింది. ఆదివారాలు నాచారంలో మా ఇంట్లో నడిపే ఆటలోకి కూడా ఆ బుద్ధినే వెంటబెట్టుకెళ్లాను.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. బల్ల చుట్టూ కూర్చుని అందరం కలిసి ఒక కథ అల్లుతాం. తలా ఒక పాత్ర. తన పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో ఎవరికి వారు నోటితో చెప్పాలి. చేసిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. దారిలో ఎదురయ్యే మిగతా వాళ్లంతా, దొంగా దొరా అందరూ, గేమ్ మాస్టరే. అంటే నేను. ఏ సన్నివేశం ఎంతసేపు సాగాలో, ఎక్కడ తెంపాలో కూడా నా చేతిలోనే ఉంటుంది.

భోజనానికి ముందు వచ్చే చివరి సన్నివేశానికి నేనో పద్ధతి పెట్టుకున్నాను. వంటింట్లో పప్పు కుక్కర్ ఎక్కించేదాన్ని. మూడో విజిల్ రాగానే స్టవ్ కట్టేసి వచ్చి, కథలో ఎవరు ఎక్కడున్నా సరే, "మర్నాడు తెల్లారింది" అనేసేదాన్ని. "నీ కథలో మనుషులు అన్నం కూడా నిలబడే తినాలి" అని మా ఆయన ఏడిపించేవారు.

ఆడేది ముగ్గురు. మా ఆయన, పీర్జాదిగూడ నుంచి వచ్చే నా స్నేహితురాలు, మా కింది వాటాలో ఉండే, నేను అన్నా అని పిలిచే ఒకాయన. అన్న చర్లపల్లిలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. ఆయనకి నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోతుంది, మెడ మీద నరం బిగుసుకుంటుంది. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల అయ్యేది కాదు. కోట కావలివాడినై "ఎవరు మీరు?" అని నేను అడిగితే, అన్న "మే... మే..." అనేవాడు. "మేం వైద్యులం, లోపలికి పోవాలి అంటున్నావు, అంతే కదా అన్నా?" అని నేనే అందుకునేదాన్ని. ఆయన తలూపి పాచిక వేసేవాడు. సాయం చేస్తున్నానని మనసారా నమ్మాను. సన్నివేశం కూడా చకచకా నడిచేది మరి.

ఒక శనివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే అన్న భార్య వచ్చింది. నా పక్కన నిలబడి క్లిప్పులు అందించింది.

"వదినా, ఒక మాట అంటే ఏమనుకోవు గదా?"

"చెప్పు వదినా."

"ఆయన శనివారం వచ్చిందంటే సాలు, అద్దం ముందల నిలవడి రేపు ఏం మాట్లాడాల్నో అదే అనుకుంటడు. ఒక్క మాటనే వందసార్లు. తీరా మీ ఇంట్ల కూసున్నంక నువ్వే అనేస్తున్నవంట. ఇగ రేపటి సంది రానంటున్నడు."

"సాయం చేస్తున్నాననుకున్నాను వదినా."

"నీ మీద కోపమేం లేదు. మంచిదే చెల్లె అనే అంటడు. గని మాట ఆయనది గదా."

సిగ్గేసింది. శనివారమంతా సాధన చేసుకున్న ఆ ఒక్క మాటనీ ప్రతి ఆదివారం ఆయన నోట్లోంచి లాగేసుకున్నాను.

సాయంత్రం కిందికి వెళ్లి, "అన్నా, రేపు నది దాటాలి. పడవ నడిపే తాతతో మాట్లాడాల్సింది నువ్వే. నువ్వు రాకపోతే పడవ కదలదు" అన్నాను. మర్నాడు పొద్దున పదకొండింటికి ఆయన అందరికంటే వెనకగా వచ్చి కూర్చున్నాడు.

పడవ దగ్గరికి చేరేసరికి కుక్కర్ మొదటి విజిల్ వేసింది. నేను తాతనయ్యాను. అలవాటు ఎక్కడికి పోతుంది, నోటికొచ్చింది అనేశాను. "పొద్దున్నుంచి కడుపులో ఏం పడలేదు. తెడ్డు ఎత్తే సత్తువ లేదు. మిమ్మల్ని నేనెందుకు దాటించాలి?"

అన్న ముఖం చూశాక తెలిసింది నేను చేసింది. అద్దం ముందు ఆయన తయారుచేసుకున్న మాట దీనికి జవాబు కాదు. ఇప్పుడు కొత్త మాట వెతుక్కోవాలి.

"మా..." అన్నాడు. ఆగిపోయింది. రెండో విజిల్ వచ్చింది. నా నాలుక చివర నాలుగు జవాబులు తయారుగా ఉన్నాయి. పెదవులు బిగబట్టి, బల్ల కింద నా రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాను. మూడో విజిల్‌కి అన్న నా వైపు చూశాడు. నేను లేస్తానేమోనని ఆ చూపు. మా ఆయన లేవబోతే మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాను. నాలుగోది, అయిదోది వచ్చాయి. పప్పులో నీళ్లు తక్కువ పోసే అలవాటు నాది, మాడు వాసన మొదలైంది. ఎవరూ కదల్లేదు.

"మా... మాకు తొందర లే... లేదు తాతా. ను... నువ్వు తిను. తి... తిన్నంకనే పోదాం."

నా కళ్లు నిండాయి. తాతనై "ఎక్కండి" అన్నాను. పాచిక వేయమని కూడా అడగలేదు.

ఆ రోజు ఆవకాయ, పెరుగుతో కానిచ్చాం. కుక్కర్ అడుగు గీకడానికి మా ఆయనకి అరగంట పట్టింది.

తర్వాతి ఆదివారం అన్న అందరికంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "చె... చెల్లె," అని మొదలుపెట్టాడు, "ఇ... ఇయ్యాల... ప... పప్పు..." ముందే వండేసి కూర్చుందామని ఆయన అడగబోతున్నాడు. నాకు పప్పు అనగానే అర్థమైపోయింది. తలుపు పట్టుకుని నిలబడి, చివరిదాకా విన్నాను.